క్యాన్సర్ రోగికి మలబద్ధకం, అతిదాహం: కాల్షియం పరీక్ష ఆవశ్యకత

మలబద్ధకానికి త్రిఫలాచూర్ణం, దాహానికి ధనియాల కషాయం, ఎముకల నొప్పికి ప్రవాళ భస్మం ఇమ్మని కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల గృహస్థులు నన్ను తరచుగా అడుగుతుంటారు. సాధారణ సమయాలలో ఇవి ఉపయుక్తాలే. అయితే ఇంట్లో క్యాన్సర్ రోగి ఉన్నప్పుడు ఈ లక్షణాలను వేరుగా విచారించాలి. రక్తంలో కాల్షియం మితిమీరి పెరగడం వీటికి కారణం కావచ్చు.

కారణం: ఊపిరితిత్తులు, రొమ్ము, మూత్రపిండాలు, నోరు, గొంతులలో పుట్టే కొన్ని అర్బుదాలు పారాథైరాయిడ్ హార్మోనును పోలిన ఒక ప్రోటీనును విడుదల చేస్తాయి. అది అస్థిధాతువును కరిగించి కాల్షియాన్ని రక్తంలోకి చేరుస్తుంది. మూత్రం ద్వారా బయటకు పోనివ్వదు. మరికొన్ని అర్బుదాలు ఎముకలకే వ్యాపించి వాటిని క్షీణింపజేస్తాయి. కనుక ఎముకలకు క్యాన్సర్ సోకకపోయినా ఈ ఉపద్రవం రావచ్చు.

లక్షణాలు: అతిదాహం, అతిమూత్రం, అరుచి, వాంతులు, మలబద్ధకం, నీరసం, ముదిరితే మగత, మతిభ్రమ. క్యాన్సర్ వల్ల కలిగే సహజమైన బలహీనతగా వీటిని భావించి ఇంటివారు ఉపేక్షించడమే ప్రమాదకరం.

పరీక్ష: రక్తంలో కాల్షియం సాధారణంగా డెసిలీటరుకు 8.5 నుండి 10.5 మిల్లీగ్రాములు ఉంటుంది. 14 దాటితే అత్యవసర స్థితి. రక్తంలో అల్బుమిన్ తగ్గినవారికి అసలు తీవ్రత కనిపించకపోవచ్చు. కనుక రెండు పరీక్షలూ చేయించాలి.

చేయకూడనివి: ప్రవాళ, శంఖ, ముక్తాశుక్తి, వరాటిక భస్మాలన్నీ ప్రధానంగా కాల్షియం సమ్మేళనాలే. వీటిని, కాల్షియం, విటమిన్ డి మాత్రలను, మజ్జిగలో కలిపే సున్నపు తేటను వైద్యుని అనుమతి లేకుండా ఇవ్వరాదు. పాలు, పెరుగు మానిపించినంత మాత్రాన ఈ వ్యాధి తగ్గదు. ఇక్కడ అధిక కాల్షియం ప్రధానంగా వచ్చేది ఎముకల నుండి.

చేయవలసినవి: రోగి మగతగా ఉంటే హైదరాబాదు ప్రయాణానికై వేచి ఉండక, ముందు సమీపంలోని ఆసుపత్రికి తీసుకుపోవాలి. అక్కడ సిర ద్వారా సెలైన్ ఎక్కించి, అవసరాన్ని బట్టి జోలెడ్రానిక్ ఆమ్లం వంటి ఔషధం ఇస్తారు. ఆ ఔషధం పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుంది. అనంతరం రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట మూలవ్యాధికి చికిత్స కొనసాగించాలి. అర్బుదం అదుపులోకి రానిదే కాల్షియం మళ్ళీ పెరిగే అవకాశం ఉంది.

ఈ ఉపద్రవాన్ని శమింపజేయగల మూలిక ఏదీ నా ఎరుకలో లేదు. సకాలంలో చికిత్స అందితే మగతలో ఉన్న రోగి తిరిగి తనవారిని గుర్తించి మాట్లాడగలుగుతాడు. ఆ అవకాశాన్ని గృహవైద్యంతో జారవిడువకండి.