వీరకావ్యాల్లో వీరుడెవరు?

(ఒక పూర్వ విద్యార్థి, ఎం.ఏ. తెలుగు)

తమ్ముళ్లారా! వార్షికోత్సవ సంచికకు చదువుకు పనికొచ్చే వ్యాసం ఒకటి రాసి పంపమని వార్డెన్ గారు కబురు చేశారు. ఎం.ఏ.లో నాకు బాగా నచ్చిన పాఠం వీరకావ్యాలు. పరీక్షకు ఉపయోగపడే సంగతులతో పాటు, ఆ పాఠం వల్ల నాలో నేను దిద్దుకున్న ఒక తప్పు గురించి కూడా ఇందులో రాస్తున్నాను.

వీరరసం – వీరకావ్యం

నవరసాల్లో వీరం ఒకటి. దాని స్థాయీభావం ఉత్సాహం. వీరుడు అనగానే మనకు కత్తి, గుర్రం, సినిమాలో తొడగొట్టే హీరో గుర్తుకొస్తారు. కానీ మన అలంకారికులు వీరాన్ని యుద్ధానికే పరిమితం చెయ్యలేదు. యుద్ధవీరంతో పాటు దానవీరం, ధర్మవీరం, దయావీరం కూడా ఉన్నాయని చెప్పారు. ఈ నాలుగు పేర్లూ గుర్తుపెట్టుకోండి.

ఏ దేశపు వీరకావ్యం చూసినా కొన్ని లక్షణాలు కలుస్తాయి. గొప్ప వంశంలో పుట్టిన నాయకుడు, పరువు కోసం పోరాటం, ఇచ్చిన మాట తప్పకపోవడం, చావుకు వెరవకపోవడం, చచ్చినా పేరు నిలవాలనే కోరిక. ఒక సమాజం దేన్ని గొప్పగా తలచిందో ఈ కావ్యాలు చెబుతాయి. ఎవరిని దూరం పెట్టిందో కూడా చెబుతాయి. మూడు కావ్యాలు తీసుకుని ఈ సంగతి పరిశీలిద్దాం.

ఇలియడ్: దెబ్బలు తిన్నవాడు, కలిసి తిన్నవాళ్లు

గ్రీకు మహాకవి హోమర్ పేరున ఉన్న ఇలియడ్ సుమారు క్రీ.పూ. 8వ శతాబ్దం నాటిది. 24 భాగాలు, 15 వేలకు పైగా పాదాలు. ట్రాయ్ నగరం మీద గ్రీకుల యుద్ధం ఇందులోని కథ. మొదటి భాగంలో మహావీరుడు అకిలీస్ తమ రాజు అగమెమ్నాన్‌ను నిలదీస్తాడు. పోరాడేది మేము, సొమ్ములో పెద్ద వాటా నీకా అని అడుగుతాడు. రెండో భాగంలో థెర్సిటీస్ అనే అతను ఇంచుమించు అదే మాట అంటాడు. కవి అతనికి గొప్ప వంశం చెప్పలేదు, పైగా అందరికంటే కురూపి అని వర్ణించాడు. అతణ్ణి ఒడిస్యూస్ రాజదండంతో వీపు మీద కొడతాడు. సైన్యమంతా నవ్వుతుంది. ఒకే మాట అకిలీస్ అంటే వీరత్వం, థెర్సిటీస్ అంటే పొగరు! అతని పక్షాన ఒక్కడూ నోరు విప్పలేదు.

అదే కావ్యం చివరి భాగం వేరుగా ఉంటుంది. అకిలీస్ ట్రాయ్ యువరాజు హెక్టార్‌ను చంపి శవాన్ని రథానికి కట్టి ఈడుస్తాడు. హెక్టార్ తండ్రి, ముసలి రాజు ప్రియామ్ రాత్రివేళ శత్రువు డేరాకు వచ్చి, కొడుకును చంపిన ఆ చేతుల్నే ముద్దుపెట్టుకుని శవాన్ని అడుగుతాడు. అకిలీస్‌కు తన తండ్రి గుర్తుకొస్తాడు. ఇద్దరూ ఏడుస్తారు. తర్వాత ఇద్దరూ కలిసి భోంచేస్తారు. అంత్యక్రియల కోసం యుద్ధం ఆపుతానని అకిలీస్ మాట ఇస్తాడు. ఇది మనవాళ్లు చెప్పిన దయావీరమే.

భారతం: తడి తలతో వంగిన కర్ణుడు

ఆదిపర్వంలో కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన మీరు చదివే ఉంటారు. 11వ శతాబ్దంలో నన్నయ దీన్ని తెలుగు చేశాడు. కర్ణుడు అర్జునుడితో పోటీకి నిలబడగానే కృపాచార్యుడు విద్య సంగతి అడగలేదు, కులం సంగతి అడిగాడు. దుర్యోధనుడు అక్కడికక్కడే కర్ణుణ్ణి అంగరాజ్యానికి అభిషేకించాడు. అంతలో పెంచిన తండ్రి, సూతుడు, ముసలితనంతో వణుకుతూ రంగస్థలంలోకి వచ్చాడు. కర్ణుడు విల్లు పక్కన పెట్టి, అభిషేక జలంతో తడిసిన తలను ఆయన పాదాల ముందు వంచాడు. అది చూసి భీముడు, నీకు విల్లెందుకు, కొరడా పట్టుకో అని ఎగతాళి చేశాడు.

కర్ణుడి బాణాల గురించి పేజీలకు పేజీలు రాస్తాం. నాకు మాత్రం ఆయన వీరత్వం ఇక్కడే కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన రాజ్యం, చుట్టూ రాజులు, అంతమంది ముందు "ఈయన మా నాన్న" అని ఒప్పుకోవడం మామూలు ధైర్యం కాదు.

ఎందుకంటే ఆ ధైర్యం నాకు లేకపోయింది. పీజీ మొదటి సంవత్సరంలో మా నాన్న పంచె మోకాళ్లదాకా ఎగగట్టుకుని, బియ్యం, పచ్చడి సీసా ఉన్న సంచి భుజాన వేసుకుని నన్ను చూడటానికి వచ్చాడు. గేటు దగ్గర మిత్రుడొకడు "ఎవరు రా?" అని అడిగాడు. "మా ఊరాయన" అన్నాను. నాన్న విన్నాడు. ఏమీ అనలేదు. సంచి ఇచ్చి సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ డిగ్రీ ఆయన కూలి డబ్బులదే. ఆ నెలలోనే క్లాసులో ఈ ఘట్టం చెప్పారు. నేను తల ఎత్తలేకపోయాను.

పల్నాటి వీరచరిత్ర: ఒకే చాప

ఇక మన తెలుగు వీరకావ్యం. 12వ శతాబ్దం చివర గురజాల, మాచర్ల రాజ్యాల మధ్య, నాగులేరు ఒడ్డున కారెంపూడిలో జరిగిన యుద్ధం దీనికి ఆధారం. కోడిపందెంలో ఓడి మాచర్లవారు ఏడేళ్లు వలస పోవడం, తర్వాత రాయబారి అలరాజు విషప్రయోగంతో చనిపోవడం యుద్ధానికి దారితీసిన ఘట్టాలు. 15వ శతాబ్దపు శ్రీనాథుని పేరున ఉన్న కావ్యం మంజరీ ద్విపదలో ఉంది. ప్రాస నియమం లేని ద్విపదే మంజరి. పాడుకోవడానికి అనువైన ఛందస్సు. అక్కిరాజు ఉమాకాంతం 1911లో దీన్ని పరిష్కరించి అచ్చువేశారు.

ఈ కథలో మాచర్ల మంత్రి బ్రహ్మనాయుడు మాల కులస్థుడైన కన్నమదాసును కొడుకుగా స్వీకరించి సేనాపతిని చేశాడు. బాలచంద్రుడి వెంట యుద్ధానికి కదిలిన మిత్రులు వేరువేరు కులాలవారు. అందరూ ఒకే చాప మీద కూర్చుని కలిసి తిన్నారు. దీన్నే చాపకూడు అంటారు. కృపాచార్యుడు అడిగిన ప్రశ్నకు మన గడ్డ మీద దొరికిన జవాబు ఇదేనని నా అభిప్రాయం.

కథను పండితులకంటే ముందు గాయకులే కాపాడారు. వీరవిద్యావంతులు దీన్ని తరతరాలుగా పాడారు. వారి నోటి కథను జీన్ రోఘేర్ ఇంగ్లీషులోకి అనువదించి 1982లో పుస్తకంగా తెచ్చారు. 2022లో ఏర్పడిన పల్నాడు జిల్లాలోని కారెంపూడిలో కార్తీకమాసంలో వీరుల ఉత్సవాలు అయిదు రోజులు జరుగుతాయి.

అయితే ఒకటి. మనకు నచ్చిన కావ్యంలో లోపాలు దాచకూడదు. గురజాల రాజ్యాన్ని నడిపిన మంత్రిణి నాగమ్మ మీదే కథ నిందంతా మోపింది. పురుషుడు చేస్తే రాజనీతి, ఆమె చేస్తే కుట్ర! థెర్సిటీస్‌కు జరిగినట్టే జరిగింది. సంధి మాటలు నడుస్తుండగా బాలచంద్రుడి పౌరుషం యుద్ధం తెచ్చింది. రెండు వైపులా పడుచు బిడ్డలు పోయారు. మాంచాల మొగుణ్ణి చేజేతులా చావుకు సాగనంపింది. పరువు కోసం ప్రాణాలు తీసుకోవడం ఈరోజు మనకు ఆదర్శం కాదు. కావ్యంలో మనం తీసుకోవలసింది కత్తిని కాదు, చాపను.

ముగింపు

మూడు కావ్యాల్లోనూ యుద్ధవీరులు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో గొప్ప ఘట్టాలు మాత్రం మూడే. శత్రువు తండ్రిని తనతో కూర్చోబెట్టుకున్న అకిలీస్, సభలో సూతుడికి తలవంచిన కర్ణుడు, కన్నమదాసును కొడుకన్న బ్రహ్మనాయుడు. నలుగురి ముందు "వీడు నావాడు" అని చెప్పగలిగినవాడే వీరుడు.

మన హాస్టల్ మెస్సులో ఎస్సీ, ఎస్టీ, బీసీ పిల్లలమంతా ఒకే వరసలో కంచాలు పెట్టుకుని నీళ్ల పప్పుతో తిన్నాం. ఆ పప్పును అప్పుడు తిట్టుకున్నాను. మా ఊళ్లో పెళ్లి భోజనాల దగ్గర మమ్మల్ని వేరే కూర్చోబెట్టేవాళ్లు. ఒకే వరస అంటే ఏమిటో నాకు మొదట తెలిసింది ఇక్కడే.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లి నాన్నతో ఆనాటి సంగతి ఎత్తాను. "పోనీలే అయ్యా, ఎండలో వచ్చావా అని అడిగావుగా" అన్నాడు. నేను అలా అడిగినట్టు నాకు గుర్తులేదు.

వార్షికోత్సవం రోజు మీ అమ్మానాన్నలు పనులు మానుకుని వస్తారు. పనిబట్టల్లోనే రావచ్చు. వాళ్లను వెనక బెంచీలో వదిలెయ్యకండి. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టండి. ఎవరు అని అడిగితే గట్టిగా చెప్పండి.