ఇటలీ సైకిలు వీరుడు – బేగంపేట దోమ

బషీర్‌బాగ్ నుండి బేగంపేటకు సైకిలు మీద సుమారు అరగంట ప్రయాణం. అక్కడ పాత విమానాశ్రయం సమీపంలో సర్ రొనాల్డ్ రాస్ పేరిట ఒక పాత భవనం ఉన్నది. ఆ భవనానికీ, ఇటలీ దేశపు సైకిలు పందేలకూ సంబంధమేమిటని విద్యార్థులు అడుగవచ్చు. ఆ సంబంధాన్ని వివరించుటకే ఈ వ్యాసం వ్రాస్తున్నాము. అయితే ముందుగా ఇటలీకి పోవలసి యున్నది.

1885లో మిలాన్ నగరంలో ఎదోఆర్దో బియాంకీ అనే యువకుడు చిన్న దుకాణం తెరచి సైకిళ్ళు తయారు చేయనారంభించినాడు. ఆకుపచ్చ కలిసిన లేత ఆకాశపు రంగు బియాంకీ సైకిళ్ళకు గుర్తుగా నిలిచిపోయింది. 1909లో గులాబి రంగు కాగితం మీద ముద్రితమయ్యే ఒక క్రీడాపత్రిక 'జీరో ద ఇటాలియా' అనే దేశయాత్రా పందెం ఏర్పాటు చేసింది. బయలుదేరినవారు 127 మంది. గమ్యం చేరినవారు 49 మంది. గెలిచిన లుయిజీ గన్నా ఇళ్ళు కట్టే తాపీ పనివాడు. పనికి రోజూ సైకిలు మీదనే పోయి వచ్చిన మనిషి, తరువాతి కాలంలో తన పేరుతోనే సైకిళ్ళు తయారు చేయించినాడు. 1931 నుండి ఆ పందెంలో ముందున్నవానికి పత్రిక రంగునే గుర్తుచేసే గులాబి చొక్కా తొడుగుతున్నారు.

ఇక్కడ గేరు గురించి ఒక మాట చెప్పక తప్పదు. మన పాత సైకిలు మీద నౌబత్ పహాడ్ ఎత్తు ఎక్కబోయిన వారందరూ సగం దారిలో దిగి, బండిని నెట్టుకొని పోయినవారే. వెనుక చక్రానికి ఒకే పళ్ళచక్రం ఉండుటయే అందుకు కారణం. చిన్నవీ పెద్దవీ పళ్ళచక్రాలు అనేకం అమర్చి, గొలుసును ఒకదాని మీదనుండి మరొకదాని మీదికి జరిపే సాధనమే గేరు. పెద్ద పళ్ళచక్రం మీదికి గొలుసు వస్తే త్రొక్కుట తేలిక. అయితే ఒక్కొక్క త్రొక్కుకు బండి తక్కువ దూరం సాగుతుంది. స్వయంగా పందెగాడైన టుల్లియో కంపన్యోలో 1933లో స్థాపించిన సంస్థ ఇటువంటి సాధనాలకు లోకప్రసిద్ధి పొందింది. వాని తొలి గేరు మార్చాలంటే మాత్రం పందెగాడు చేయి వెనుకకు చాచి, వెనుక చక్రం బిగువు సడలించి, వెనుకకు త్రొక్కవలసి యుండెను. కొండ ఎక్కుతూ ఈ పని!

ఇక కథానాయకుడు ఫౌస్టో కోపీ. 1919లో కస్తెల్లానియా అనే పల్లెలో పుట్టినాడు. పదమూడేళ్ళ ప్రాయంలో మాంసపు దుకాణంలో చేరి, సైకిలు మీద ఇంటింటికీ సరుకు చేర్చినాడు. 1940లో, ఇరువది ఏళ్ళకే జీరో గెలిచినాడు. యుద్ధంలో సైనికుడై ట్యునీషియాలో ఆంగ్లేయులకు బందీ అయినాడు. తిరిగివచ్చి బియాంకీ సైకిలెక్కి మరి నాలుగుసార్లు జీరో గెలిచినాడు. 1949 జూన్ 10న కునెయో నుండి పినెరోలో వరకు సాగిన పందెంలో ఐదు కనుమలు దాటుతూ 192 కిలోమీటర్లు ఒంటరిగా సాగిపోయినాడు. రెండవవాడు చేరుకొనుటకు మరి పదకొండు నిమిషాల యేబది రెండు సెకన్లు పట్టింది. ఆ రెండవవాడు సామాన్యుడు కాడు, జీనో బార్తాలీ. జర్మన్ల ఆక్రమణ కాలంలో యూదులను కాపాడుటకు దొంగ గుర్తింపు పత్రాలను సైకిలు గొట్టాలలో దాచి చేరవేసిన ధీరుడు. బార్తాలీని గురించి వేరే వ్యాసమే వ్రాయవలసి యుంటుంది.

1959 డిసెంబరులో కోపీ కొందరు మిత్రులతో ఆఫ్రికాలోని అప్పర్ వోల్టాకు, అనగా నేటి బుర్కినా ఫాసోకు, పందెం కోసం, వేట కోసం వెళ్ళినాడు. అక్కడ రఫాయేల్ జెమినియాని అనే ఫ్రెంచి పందెగాడూ తానూ ఒకే గదిలో నిద్రించినారు. ఇండ్లకు చేరిన కొద్ది రోజులకే ఇద్దరికీ తీవ్రమైన జ్వరం వచ్చింది. ఫ్రాన్సులో జెమినియాని వ్యాధి మలేరియా అని తేలింది, క్వినైన్ ఇచ్చినారు, బ్రతికినాడు. ఇటలీలో కోపీ వైద్యులు ఇన్‌ఫ్లుయెంజా అనుకొన్నారు. ఇది మలేరియా కావచ్చునని జెమినియాని వైపువారు కబురు చేసినా లెక్కచేయలేదని అంటారు. 1960 జనవరి 2న తోర్తోనా ఆసుపత్రిలో కోపీ మరణించినాడు. వయస్సు నలుబది ఏండ్లు.

ఇప్పుడు మన బేగంపేటకు తిరిగి వద్దాము. మలేరియా దోమ వలన వచ్చునను సత్యానికి తొలి నిదర్శనం దొరికినది మన జంటనగరాలలోనే. 1897 ఆగస్టులో హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున కూలి తీసికొని, తన శరీరాన్ని రాస్ దోమలకు అప్పగించినాడు. ఆగస్టు 20న రాస్ అటువంటి దోమ జీర్ణాశయపు గోడలో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శిని క్రింద చూచినాడు. 1902లో నోబెల్ బహుమానం రాస్‌కు వచ్చింది. హుసేన్ ఖాన్ పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలుసునో!

'మలేరియా' అనే పదం ఇటలీవారిదే. చెడుగాలి అని దాని అర్థం. మానవులకు ఆ వ్యాధినిచ్చే దోమజాతి అనాఫిలిస్ అని 1898లో నిరూపించినవాడూ ఇటలీ శాస్త్రజ్ఞుడు గ్రాస్సీయే. అయితే రెండవ ప్రపంచయుద్ధానంతరం డి.డి.టి. చల్లి ఆ వ్యాధిని దేశంలో దాదాపు రూపుమాపినారు. లేని రోగం వైద్యుని తలంపుకు రాదు. మన వీధి మూలనున్న వైద్యుడు చలితో కూడిన జ్వరమనగానే వేలిని సూదితో పొడిచి రక్తం చూచేవాడు. ఆ ఒక్క చుక్క రక్తం తోర్తోనాలో సకాలంలో చూడలేదు.

గది పంచుకొన్న జెమినియాని 2024 వరకు, తొంబది తొమ్మిదేండ్లు జీవించినాడు.