కొత్త ఊరు, పాత అలవాట్లు



ఇంటర్ ఫలితాలు రాగానే మన ఇళ్ళలో ఒకటే చర్చ: బిడ్డను ఏ ఊరు పంపాలి, ఏ కాలేజీలో చేర్చాలి? ఆ బిడ్డకు ఆటిజం ఉంటే ఆ చర్చకు భయం కూడా తోడవుతుంది. కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి నన్ను సలహా అడిగారు. "హాస్టల్లో చేర్చండి, నలుగురిలో పడితే అదే అలవాటవుతుంది" అన్నాను. తొమ్మిదో రోజున అబ్బాయి తిండీ నిద్రా లేక చిక్కిపోయి ఇంటికి తిరిగొచ్చాడు. చదువులో అతనికి లోటు లేదు. లోపం నా సలహాలో ఉంది. అందుకే ఈ పాఠం.

ఆటిజం పెంపకంలోని లోపం కాదు, మెదడు ఎదుగుదలలోని తేడా. 1943లో డాక్టర్ లియో కానర్ దీన్ని వర్ణించినప్పుడే, ఈ పిల్లలు అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలని గట్టిగా కోరుకుంటారని గమనించారు. ఊరు మారడం మనకు ఒక్క మార్పు. వారికి వంద మార్పులు: నీళ్ళ రుచి, ఫ్యాను చప్పుడు, మెస్సులో గిన్నెల మోత, పక్క మంచం మీద కొత్త మనిషి. అలవాట్లే వారికి ఊతకర్ర. దాన్ని లాక్కుని "సర్దుకో" అనడం న్యాయమా?

మరి ఏం చేయాలి?

1. కొత్త చోటును ముందే పరిచయం చేయండి. కాలేజీ తెరవకముందే రెండు మూడుసార్లు తీసుకెళ్ళండి. గేటు నుంచి తరగతికి, తరగతి నుంచి బస్టాపుకు కలిసి నడవండి. ఫోటోలు తీసి ఇంట్లో చూపండి. రోజువారీ క్రమం రాసివ్వండి. బస్సు రాకపోతే ఏం చేయాలో కూడా రాయండి.

2. తల్లికి తెలిసింది కాగితం మీద పెట్టండి. బిడ్డను ఏది కలవరపెడుతుందో, ఏది శాంతపరుస్తుందో ఒక పేజీలో రాయండి. ముందు బిడ్డకే చదివి వినిపించి, అతను ఒప్పుకున్నాకే ప్రిన్సిపాలుకు, వార్డెనుకు ఇవ్వండి.

3. హక్కును వదులుకోకండి. అక్కకు సంబంధాలు రావని భయపడి కొందరు సర్టిఫికెట్టే తీసుకోరు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరించిన విద్యార్థులందరికీ కలిపి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. ప్రవేశానికి ఐదేళ్ళ వయసు సడలింపు ఉంది. పరీక్షల్లో అదనపు సమయం కోరవచ్చు. యూడీఐడీ కార్డు దేశమంతటా చెల్లుతుంది.

4. మెట్టు మెట్టుగా వదలండి. బట్టలు ఉతుక్కోవడం, డబ్బు లెక్క చూసుకోవడం, ఒంటరిగా బస్సెక్కడం ఏడాది ముందు నుంచే ఇంటి దగ్గర నేర్పండి. వీలైతే మొదటి నెలల్లో ఒకరు తోడుండండి. వీలు కాకపోతే దగ్గరి కాలేజీ చూసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

మరుసటి ఏడాది ఆ కుటుంబం ఇలాగే చేసింది. కాలేజీకి దగ్గర్లో గది అద్దెకు తీసుకుని తల్లి నాలుగు నెలలు తోడుంది. ఆ తర్వాత అబ్బాయి ఒక్కడే ఉన్నాడు. నేను వెళ్ళి, "అప్పుడు నిన్ను అడగకుండానే సలహా ఇచ్చాను బాబూ, తప్పయింది" అన్నాను. అతను నా ముఖం చూడలేదు. "ఫాదర్, మీ బస్సు అవతలి వైపు ఆగుతుంది. 5.40కి" అని, నన్ను రోడ్డు దాటించి బస్సు ఎక్కించాడు.

ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించండి:

మన బిడ్డ విషయంలో తీసుకునే నిర్ణయాల్లో బిడ్డ మాట ఎంత వింటున్నాం?

చదువుకోసం మన ఊరికి ఇలాంటి బిడ్డ వస్తే, వింతగా చూస్తామా, దారి చూపిస్తామా?