కంఠాభరణ సంఖ్య

రాష్ట్రకూటుల రాజధానియగు మాన్యఖేటమును నేడు మళఖేడమందురు. ఆ వంశపు చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలమున, క్రీ.శ. 850 ప్రాంతమున, మహావీరాచార్యుడను జైన పండితుడు గణితసారసంగ్రహమను గ్రంథమును సంస్కృతమున రచించెను. పేరు చూచి పిల్లలు తీర్థంకరుడగు మహావీర స్వామియని పొరబడుచుందురు, ఈయన వేరు. ఈ గ్రంథమును 11వ శతాబ్దమున పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. కావున తెలుగువారికిది పరాయి సొత్తు కాదు. 1912లో రంగాచార్యులవారు మూలమును ఆంగ్లానువాదముతో మద్రాసున ప్రకటించిరి.

గుణకార ప్రకరణమున ఆచార్యుడు కొన్ని లెక్కలిచ్చి, వాని లబ్ధములను కంఠాభరణములని ముచ్చటగా వర్ణించెను. వానిలో ఒకటి 27994681 ను 441 తో హెచ్చించుట. వచ్చు ఫలము 12345654321. అనగా 1,234 కోట్ల 56 లక్షల 54 వేల 321. ఒకటి మొదలు ఆరు వరకు పెరిగి, మరల అదే క్రమమున ఒకటికి దిగును. ఏ కొసనుండి చదివినను ఒక్కటే. నడుమ పెద్ద పూస, ఇరువైపుల చిన్నవి, హారమనుట తగియున్నది.

ఇది 111111 యొక్క వర్గము. 111111 ను ఆరు వరుసలుగా, ఒక్కొక్క వరుసను ఒక స్థానము ఎడమకు జరుపుచు వ్రాసి, నిలువుగా కూడి చూడుడు. కుడి కొసను ఒకటి, దాని ప్రక్కన రెండు, నడుమ ఆరు, పిమ్మట తగ్గుదల. ఏ నిలువు వరుసయు తొమ్మిదికి మించదు గనుక ఎడమకు పంపవలసిన అంకె ఉండదు. మరియు 111111 అనునది 3, 7, 11, 13, 37 ల లబ్ధము. 3, 7 లను హెచ్చించిన 21. దాని వర్గము 441. మిగిలిన మూడింటి లబ్ధము 5291. దాని వర్గము 27994681. ఆచార్యుని లెక్కలోని గుణ్యము, గుణకము రెండును వర్గములే యన్నమాట.

వర్తకులకు పనికివచ్చు సంగతి వేరొకటి కలదు. అంకెలను కూడి తొమ్మిదులు తీసివేసి హెచ్చవేతను సరిచూచుట దుకాణములలో పాత అలవాటు. గుమాస్తా తొందరలో నడిమి అంకెలను తారుమారు చేసి 12345564321 అని ఆవర్జాలో వేసెననుకొందము. అంకెల మొత్తము అప్పుడును 36 యే. 441 తొమ్మిదితో భాగింపబడును గనుక ఫలమును భాగింపబడవలెను, 36 భాగింపబడుచున్నది. పరీక్ష నెగ్గినది, లెక్క మాత్రము 90,000 తక్కువ! రూపాయలైనచో ఎవరి నెత్తిన పడును?

అప్పుడు పదకొండు పరీక్ష చేయవలెను. కుడినుండి ఒక అంకెను కూడుచు, తరువాతి దానిని తీసివేయుచు పోవలెను. అసలు సంఖ్యకు సున్న వచ్చును. 27994681 కును సున్నయే గనుక అది సరియే. తారుమారైన దానికి 2 వచ్చును. తప్పు దొరికిపోయినది. ప్రక్కప్రక్క అంకెలు, అవి వేర్వేరు అంకెలైనచో, తారుమారైనప్పుడెల్ల ఈ పరీక్ష పట్టుకొనును. తొమ్మిది పరీక్ష అట్టి తప్పును ఎన్నడును పట్టజాలదు. రెండు పరీక్షలకు కలిపి పట్టు కాలము అర నిముసము.

ఈ హారమునకు ఎన్ని పూసలైన గ్రుచ్చవచ్చునా? తొమ్మిది ఒకట్ల వర్గము 12345678987654321. అంతవరకు చక్కగా నిలుచును. పది ఒకట్లైనచో నడిమి వరుసలో పది వచ్చి, ఒకటి ఎడమకు పోవును. అప్పుడు వచ్చునది 1234567900987654321. పిల్లలచే పలకమీద చేయించినచో, హారము తెగిన చోటును వారే చూపుదురు.