బదిలీ కారు చెప్పిన పాఠం

పిల్లలూ! బదిలీ ఉత్తర్వు వచ్చిన ఇల్లు ఎలా ఉంటుందో మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. పుస్తకాలు అట్టపెట్టెల్లోకి వెళ్తాయి. టి.సి. కోసం నాన్నగారు బడికి వస్తారు. సైకిలు, ఫ్రిజ్, కారు ఎవరికో ఒకరికి తొందరగా అమ్మేస్తారు. మేమూ అలా అమ్మినవాళ్లమే, అలా కొన్నవాళ్లమే.

షాలిమార్‌కు వచ్చిన కొత్తలో, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక కుటుంబం దగ్గర తొమ్మిదేళ్లు వాడిన కారు కొన్నాం. రంగు మెరుస్తోంది, సీట్లు శుభ్రంగా ఉన్నాయి. తాళంచెవి ఇస్తూ ఆయన, “బ్రేకు కొంచెం మెత్తగా ఉంటుంది, అలవాటైపోతుంది లెండి” అన్నారు. ఆయనకు రైలు టైమవుతోంది, మాకు ఇంకా సామాను దిగుతోంది. ఆ మాట విన్నాం కానీ పట్టించుకోలేదు.

నెల తర్వాత అమ్మమ్మ, తాతయ్య ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్‌లో వస్తుంటే, తీసుకురావడానికి షాలిమార్ స్టేషన్‌కు బయలుదేరాం. దారిలో ఐదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, “నాన్నా, అక్కడ ఎర్రదీపం వెలుగుతోంది” అంది. “పాత బండి కదమ్మా, అలాగే వెలుగుతుంది” అన్నాం. కాసేపటికి ముందు వెళ్తున్న లారీ ఆగింది. బ్రేకు తొక్కాం. పెడల్ నేలదాకా దిగిపోయింది, బండి ఆగలేదు! మళ్లీ మళ్లీ తొక్కితే కాస్త పట్టింది. గేరు తగ్గించి, హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగాం. లారీకి మూరెడు దూరంలో బండి ఆగింది.

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత అమ్మాయే, “నేను చెప్పాను కదా నాన్నా” అంది. మా దగ్గర జవాబు లేదు.

అసలేం జరిగింది? పెడల్ తొక్కినప్పుడు ఆ ఒత్తిడిని చక్రాల దాకా మోసుకెళ్లేది బ్రేక్ ఆయిల్. మూసి ఉన్న ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా చేరుతుంది. దీన్నే పాస్కల్ నియమం అంటారు. మా కారులో వెనక చక్రం దగ్గర రబ్బరు సీలు అరిగి ఆయిల్ కారిపోయింది. ఎర్రదీపం చెప్పింది అదే. ఆయిల్ గొట్టాలు రెండు విడి భాగాలుగా ఉంటాయి కాబట్టి, ఒకటి పాడైనా రెండోది కొంత పనిచేసింది. హ్యాండ్‌బ్రేక్‌కు ఆయిల్‌తో పని లేదు, అది తీగతో పనిచేస్తుంది. మేము బతికింది అందువల్లే.

ఇంకో సంగతి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు. తేమ చేరితే 140 డిగ్రీలకే మరగవచ్చు. అప్పుడు ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది. అందుకే సాధారణంగా రెండేళ్లకోసారి ఆయిల్ మార్చమంటారు.

కాగితాల సంగతీ తెలుసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం కారు వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. మనలాంటి బదిలీ కుటుంబాల కోసం 2021 సెప్టెంబరు 15 నుంచి బి.హెచ్. నంబరు వచ్చింది. అది ఉంటే రాష్ట్రం మారినా నంబరు మార్చనక్కరలేదు. అయితే సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. కాగితం చెల్లుతోంది కదా అని బ్రేకు బాగుందనుకోకూడదు. పైన పటారం, లోన లొటారం కావచ్చు.

కొనేముందు ఇవి చూడాలి:

1. బ్రేక్ ఆయిల్ డబ్బాలో రెండు గీతల మధ్య ఉందా?
2. ఇంజన్ ఆన్‌లో ఉండగా పెడల్ అరనిమిషం నొక్కి ఉంచితే మెల్లగా దిగిపోతోందా?
3. చక్రాల లోపలి వైపు తడి మరకలున్నాయా?
4. టైరు ఎప్పటిది? దాని మీది నాలుగంకెలు చెబుతాయి. 2319 అంటే 2019లో 23వ వారం.
5. సీటు బెల్టులన్నీ పనిచేస్తున్నాయా?

ఇప్పుడు మాకు మళ్లీ బదిలీ అయింది. కారు అమ్ముతున్నాం. బ్రేకు ఎప్పుడు బాగుచేయించామో, ఆయిల్ ఎప్పుడు మార్చామో ఒక కాగితం మీద రాశాం. వెనక టైర్లు అరిగాయనీ, ఒక సీటు బెల్టు ఇరుక్కుంటోందనీ కూడా రాశాం. అది చదివి కొనేవారు ధర తగ్గించమన్నారు, తగ్గించాం. వాళ్లింట్లో రెండో తరగతి చదివే బాబున్నాడు. ఆ కాగితం కింద మా అమ్మాయి తన చేత్తో ఒక వాక్యం చేర్చింది: “ఎర్రదీపం వెలిగితే బండి ఆపండి.”

చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు. మనం ఊరు వదిలి వెళ్తాం, మనం అమ్మిన వస్తువు అక్కడే ఉంటుంది. దాని లోపం చెప్పి వెళ్లడం మన బాధ్యత.

ఆలోచించి రాయండి:

1. ఎర్రదీపం గురించి అమ్మాయి చెప్పినప్పుడు మేము ఏం చేసి ఉండాల్సింది?
2. బ్రేక్ పట్టనప్పుడు హ్యాండ్‌బ్రేక్ ఎలా పనిచేసింది?
3. మీ సైకిలు అమ్ముతున్నారనుకోండి. కొనేవారికి ఇచ్చే కాగితంలో ఏమేం రాస్తారు?