మన ఊళ్ళ పాత సర్వే నక్షలు: వెదకుట, చదువుట

మా తాతగారు 1951లో కొన్న ఒక చేని దస్తావేజు మా ఇనుప పెట్టెలో ఉన్నది. మద్రాసు స్టాంపు కాగితం, తెలుగు వ్రాత. అందులో నాలుగు దిక్కుల హద్దులు చెప్పుచు, "తూర్పున బస్తి మాన్యం" అని వ్రాసినారు. బస్తి అనగా మన బళ్ళారి సీమలో జైన దేవాలయం. హైదరాబాదునుండి సెలవులకు వచ్చిన మా మేనకోడలు ఆ మాట చదివి గుడిసెల పేట అనుకొన్నది. ఆ పిల్లను తప్పు పట్టను. ఆ ఊరిలో నేడు బస్తి లేదు, మాన్యమున్నదని చెప్పువారును లేరు. చేనికి తూర్పున తుమ్మచెట్ల బీడు మాత్రం ఉన్నది. ఆ బస్తి ఎక్కడిది, ఆ మాన్యం ఎంత అని తెలుసుకొనుటకు నేను పాత నక్షలు వెదకవలసి వచ్చినది. ఆ వెదకులాటలో నేర్చుకొన్న సంగతులు మన సంఘంవారికి పనికి వచ్చునని ఇచ్చట వ్రాయుచున్నాను. కూరెకుప్ప, తోరణగల్లు ప్రాంతంలో ఉక్కు కర్మాగారం వచ్చిన తరువాత గజం నేలకు కూడ తగవులు పెరిగినవి గనుక, ఇది ధర్మానికే గాక వ్యవహారానికి కూడ అక్కరకు వచ్చును.

మొట్టమొదట తెలుసుకోవలసినది, మీ ఊరు ఏ కాలంలో ఎవరి కింద ఉండినదని. 1800లో నిజాము ఈ సీమను కుంఫిణీవారికి ఇచ్చినాడు. దత్తమండలమను పేరు అట్లు వచ్చినది. 1882లో బళ్ళారినుండి అనంతపురం జిల్లా వేరుపడినది. సండూరు ప్రత్యేక సంస్థానంగా ఉండి 1949లో కలిసినది. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, తక్కినవి మైసూరుకు పోయినవి. 2021లో హొసపేట మొదలగు తాలూకాలతో విజయనగర జిల్లా ఏర్పడినది. జిల్లా విడిపోయిన ప్రతిసారి కొన్ని కాగితాలు కొత్త కచేరీకి పోయినవి, కొన్ని పాత చోటనే ఉండిపోయినవి.

ఇది మన జైనులకు మరింత ముఖ్యం. కుందకుందాచార్యుల పేరుతో చెప్పుకొను కొనకొండ్ల నేడు అనంతపురం జిల్లాలోనిది. కాని అది గుత్తి తాలూకాది. 1882కు ముందు కాగితాలు కావలెనన్న బళ్ళారి జిల్లా పేరుతో వెదకవలెను. జైన దేవాలయాలున్న చిప్పగిరి, పార్శ్వనాథ క్షేత్రమైన పెద్దతుంబళం నేడు కర్నూలు జిల్లావి. వాటి సంగతియు అంతే, 1953 వరకు బళ్ళారివే. ఇది తెలియక నేను మొదట ఆరు నెలలు తప్పు కచేరీ మెట్లు ఎక్కి దిగినాను.

ఇక కాగితాలలో రకములు. అన్నిటికంటె పాతది పైమాషీ లెక్క. 1800 మొదలు 1807 వరకు దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉండిన థామస్ మన్రో చేయించిన కొలత అది. ఆ కొలతకు 33 అడుగుల గొలుసు వాడినారు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు గల నేల 1089 చదరపు అడుగులు, అదే గుంట. అట్టి గుంటలు 40 అయిన ఎకరము. పైమాషీలో నక్ష ఉండదు. అంతా మాటలలోనే చెప్పినారు. చెట్టు, వంక, డొంక, ఫలానావాని చేను అని హద్దులు. ఆ చెట్టు పోయిన హద్దును గుర్తించుట కష్టమే.

మనకు కావలసిన నక్షలు తరువాతి కాలపువి. 1858లో మద్రాసు ప్రభుత్వం సర్వే, సెటిల్మెంటు శాఖను ఏర్పరచినది. ఆ శాఖ కొలతలనుండి వచ్చినవి మూడు. ఒకటి గ్రామ నక్ష: మైలుకు 16 అంగుళముల లెక్కన గీసినది. ఇందులో ప్రతి చేనికి సర్వే నంబరు, చెరువు, వంక, బండిబాట, గ్రామకంఠం కనబడును. రెండవది ఫీల్డు మెజర్మెంటు పుస్తకం, అనగా ఒక్కొక్క సర్వే నంబరుకు ఒక్కొక్క పుట, కొలతలతో సహా. మూడవది సెటిల్మెంటు రిజిస్టరు. ఇంగ్లీషు, దేశభాష రెండింటిలోను ఉండుటచేత దీనిని డిగ్లాటు అనుచుందురు. పట్టాదారు ఎవరు, విస్తీర్ణం ఎంత, తీర్వ ఎంత, మాన్యమా, పోరంబోకా అనునది ఇందులో తెలియును. ఈ మూడు కలిపి చదివిననే ప్రయోజనం. నక్ష ఒక్కటి తెచ్చి గోడకు తగిలించుకొన్న ఏమియు తేలదు.

దేవాలయ మాన్యాలకు ఇంకొక పుస్తకం ఉన్నది. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను వారు ఊరూర విచారించి వ్రాసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు. మాన్యం ఏ దేవుని పేర, ఏ సేవకు, ఎంత నేల, ఎవరు అనుభవించుచున్నారు అని అందులో వరుసలు ఉండును. అందులోని నంబరు పాత పైమాషీ నంబరు కావచ్చును, తరువాతి సర్వే నంబరు వేరు. రెండింటిని జత చేసి చూపు పట్టికను అడిగి తీసుకొననిదే అడుగు ముందుకు వేయరాదు. నేను మొదట ఈ పొరపాటు చేసి, ఎవరిదో మిరప చేనిని బస్తి మాన్యమని అనుకొని సంతోషించితిని.

లెక్క సంగతి కొంచెం వివరముగా చెప్పెదను, ఎందుకనగా ఇక్కడనే ఎక్కువమంది తడబడుదురు. ఫీల్డు పుస్తకంలో పాత కొలతలు లింకులలో ఉండును. ఇది మన్రో గొలుసు కాదు. 66 అడుగుల గొలుసు, అందులో 100 లింకులు. లింకుకు 7.92 అంగుళములు. 1000 చదరపు లింకులు ఒక సెంటు, 100 సెంట్లు ఎకరము. చేని మధ్యగా ఒక మూలనుండి ఎదుటి మూలకు ఒక గీత గీసి, దానిమీదనుండి ప్రక్క మూలలకు లంబంగా కొలత వేసి యుందురు. నడిమి గీత 420 లింకులు, ఒకవైపు మూలకు 150, రెండవవైపు మూలకు 130 అనుకొనుడు. 420ని 150తో గుణించి సగం చేసిన 31,500. 420ని 130తో గుణించి సగం చేసిన 27,300. కూడిన 58,800 చదరపు లింకులు, అనగా 58 సెంట్ల 8 పాళ్ళు. మన పిల్లలు బడిలో నేర్చుకొను త్రికోణం లెక్కయే ఇది.

గుంటకు రెండున్నర సెంట్లు. మన సరిహద్దు జిల్లాలో సెంట్ల మాట, గుంటల మాట రెండును వాడుకలో ఉన్నందున, కాగితంపై ఎకరాల తరువాత 20 అని కనబడిన అది ఏదో తప్పక అడుగుడు. 20 గుంటలైన అర ఎకరం. 20 సెంట్లైన అందులో సగమైనను కాదు. ఈ ఒక్క అంకెవలన అన్నదమ్ములు కోర్టుకు పోయిన సంగతి నేనెరుగుదును.

నక్ష నకలు తీసుకొనునప్పుడు క్రింద గీసిన కొలబద్ద గీత కూడ పడునట్లు చూచుకొనుడు. జిరాక్సు యంత్రం కొంత పెంచును, కొంత తగ్గించును. నక్షతోపాటు ఆ గీతయు పెరిగి తగ్గును గనుక దానితో కొలిచిన తప్పు రాదు.

ఎక్కడ దొరకును? నేటి గ్రామ నక్షలు కర్ణాటక భూదాఖలాల శాఖవారి వెబ్‌సైటులో ఇంట కూర్చుండియే చూడవచ్చును. ఆంధ్రలోని ఊళ్ళకు మీభూమి ఉన్నది. పాతవాటికి తాలూకా, జిల్లా సర్వే కచేరీల రికార్డు గదులకు దరఖాస్తు పెట్టవలెను. లేదన్నచో 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల దరఖాస్తు ఇచ్చిన, లేదను మాటనైనను వ్రాతలో ఇత్తురు. ఇంకను పాతవి, అనగా మన్రో నాటి బళ్ళారి జిల్లా రికార్డులు, రెవెన్యూ బోర్డు నడవళ్ళు, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్సులో ఉన్నవి. పూర్వం మద్రాసు రికార్డు ఆఫీసు అన్నది అదియే. పోవునప్పుడు గుర్తింపు కాగితం, ఏ పనికో తెలుపు ఉత్తరం, పెన్సిలు తీసుకొనిపొండు. ఊరిపేరు ఇంగ్లీషులో నాలుగైదు విధాల వ్రాసి ఉంచుకొనుడు. ఆదోనిని ఆద్వాని అని వ్రాసిన కాలమది. పోవుటకు ముందు డబ్ల్యూ. ఫ్రాన్సిస్ దొర 1904లో ప్రకటించిన బళ్ళారి గెజటీరు చదివిన సగం శ్రమ తగ్గును. ఆంధ్రలో 1984లోను, మన వైపు అంతకు చాల ముందుగను కరణాల, శానుభోగుల వంశపారంపర్యం పోయినది. వారి ఇండ్లలోని మూటలను కూడ మరువరాదు. కొన్ని ఇండ్లలో అవి ఇప్పటికిని అటకమీద చెదలు తినుచున్నవి.

ఒక మాట ప్రక్కకు పోయి చెప్పుదును. 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరలైన కాలిన్ మెకంజీ నేలతోపాటు ఊళ్ళ కథలు, శాసనాలు కూడ సేకరించినాడు. ఆయన వద్ద పనిచేసిన పండితులలో కావలి సోదరులు మన తెలుగువారు. ధర్మయ్య అను ఆయన మలెయూరుకు చెందిన జైనుడు. ఆ కైఫీయతులలో పాడుబడిన బస్తుల ప్రస్తావనలు కొన్ని దొరకును. మన సంఘంలో చదువుకొన్న యువకులు వాటిని చూడవలెనని నా కోరిక.

ఇక మా చేని సంగతి. దస్తావేజులో మాది 4 ఎకరాల 20 సెంట్లు. సెటిల్మెంటు రిజిస్టరులో ఆ సర్వే నంబరుకు 3 ఎకరాల 82 సెంట్లే ఉన్నది. తూర్పు నంబరు దేవాదాయ మాన్యం, జైన బస్తిది, 1 ఎకరం 10 సెంట్లు. నేను దుకాణం గుమాస్తాతో టేపు పట్టించి ఆ బీడు కొలిపించగా 72 సెంట్లు వచ్చినది. రెండు లెక్కలలోను తేడా ముప్పది ఎనిమిది సెంట్లే. గట్టు ఎప్పుడు జరిగినదో తెలియదు. తాతగారు జరిపినారో, అమ్మినవారు ముందే జరిపి అమ్మినారో చెప్పగలవారు బ్రతికి లేరు.

ఈ కాగితాలు పెట్టెలోనే ఉంచమని మా తమ్ముడు అన్నాడు. నేటి ధరకు ముప్పది ఎనిమిది సెంట్లు తక్కువది కాదు, వాని మాట నాకు అర్థం కానిదియు కాదు. రెండు పర్యూషణ పర్వాలు గడచువరకు నేనును ఊరకనే ఉంటిని. తరువాత రుసుము కట్టి హద్దు కొలతకు దరఖాస్తు పెట్టితిని. సర్వేయరు మూడు ఊళ్ళ పొలిమేర కలియు రాతినుండి కొలుచుకొని వచ్చినాడు. మా తూర్పు గట్టుమీద ఉండవలసిన రెండు రాళ్ళలో ఒకటి లేదు; రెండవది మా కంచెకు లోపల, చేని నడుమ, జానెడు లోతున దొరికినది.

కంచెను ఆ రాతికి ఇవతలికి జరిపినాము. ఆ నేల ఇప్పుడు ఎవరికి చెందునన్నది వకీలు చెప్పవలసిన మాట. తహసీలుదారుకు అర్జీ ఇచ్చి యున్నాను, జవాబు రావలసి ఉన్నది. బస్తి రాళ్ళు వంకకట్టకు పోయినవని ఊరి వృద్ధులు చెప్పుదురు. నక్ష నకలు, రిజిస్టరు నకలు, కొలత పటం మూడును మన సంఘం కార్యాలయంలో ఇచ్చినాను. చూడగోరువారు ఆదివారం ఉదయం వచ్చి చూడవచ్చును.