మందు పంపు భుజానికెత్తే ముందు సాలెగూడు చూడండి

హస్త, చిత్త కార్తెలు వచ్చేసరికి ఓర్వకల్లు చుట్టుపక్కల కంది నడుము దాటి ఎదుగుతుంది, పత్తి కొమ్మలు సాళ్ల మధ్య కలిసిపోతాయి. సాలెపురుగులు బాగా పెద్దవయ్యేదీ అప్పుడే. తొలకరి నాడు కంటికి ఆనని పిల్లలు వానాకాలమంతా పురుగులు తిని బలిసి, మొక్కకూ మొక్కకూ మధ్య గూళ్లు కడతాయి. పొద్దున్నే చేలోకి దిగిన మనిషి ముఖానికి గూడు తగిలితే చేత్తో తుడిచేసి ముందుకు పోతాడు. మందు కొట్టాలా వద్దా అనే లెక్కలో ఆ గూడు ఎవరికీ గుర్తు రాదు. గుర్తు రావాలన్నదే ఈ కార్తెల సలహా.

ఇక్కడి మెట్ట చేలలో తేలిగ్గా గుర్తుపట్టగలిగేది ఆర్జియోపి రకం. నిలువుగా కట్టిన గుండ్రటి గూటి నడుమ, తల కిందికి పెట్టి, కాళ్లు జతలుజతలుగా చాచి ఇంటూ గుర్తులా కూర్చుంటుంది. కాళ్ల వెంబడి తెల్లటి వంకీల పట్టీ కూడా అల్లుకుంటుంది. ఆ పట్టీ అతినీలలోహిత కాంతిలో మెరిసి పురుగులను ఆకర్షిస్తుందని కొందరు శాస్త్రవేత్తలంటారు. పక్షులు గూట్లోకి దూసుకురాకుండా హెచ్చరిక అని ఇంకొందరి మాట. తగవు ఇంకా తేలలేదు. గూటి నడుమ పెద్దగా కనిపించేది ఆడది. మగది దానిలో సగం కూడా ఉండదు. నియోస్కోనా అనే మరో రకం చీకటి పడ్డాక గూడు కట్టి, తెల్లారేలోగా చాలాసార్లు దాన్ని తానే తినేస్తుంది. అందులోని మాంసకృత్తులు మర్నాటి దారానికి పనికొస్తాయి. పగలు గూడు లేనంత మాత్రాన చేలో సాలెపురుగు లేదనుకోకూడదు.

తూర్పున నల్లమల వైపు, చెమ్మ ఉన్న అడవిలో వీటన్నిటికీ పెద్దక్క నెఫిలా ఉంటుంది. ఆడదాని ఒళ్లే 3 నుంచి 5 సెంటీమీటర్లు. గూడు మీటరు దాటుతుంది, ఎండ పడితే దారం బంగారు రంగులో మెరుస్తుంది. ఇలాంటి గూళ్లలో చిన్న పిట్టలు, గబ్బిలాలు చిక్కుకున్న సంగతులు ప్రపంచంలో చాలాచోట్ల నమోదయ్యాయి.

అంత బలం ఎక్కడిది? గూట్లో దారాలన్నీ ఒకటి కావు. బండి చక్రానికి ఆకుల్లా నడుమ నుంచి అంచులకు పోయే దారాలు గట్టివి. తూకానికి తూకం చూస్తే ఆ దారం ఉక్కు కన్నా దాదాపు అయిదు రెట్లు బలమైనది. వాటి మీద చుట్లు చుట్లుగా తిరిగే దారం వేరు. దానికి జిగురు బొట్లుంటాయి, తన పొడవుకు రెండు మూడింతలు సాగుతుంది. ఎగిరొచ్చిన మిడత గుద్దుకుంటే ఆ దెబ్బ చాలావరకు దారం సాగడంలో వేడిగా మారిపోతుంది. అందుకే గూడు తెగదు, మిడత వెనక్కి ఎగిరిపడదు.

రైతుకు ఇంకా పనికొచ్చే సంగతి అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2012లో నేచర్ పత్రికలో రాశారు. గూటి మీద ఒకచోట బరువు పడితే ఆ ఒక్క దారమే తెగి మిగతా గూడు నిలుస్తుంది. అక్కడక్కడా పదో వంతు దాకా దారాలు తీసేసినా బలం తగ్గకపోగా 3 నుంచి 10 శాతం పెరిగిందని తేలింది. కాబట్టి గుంటక తోలేటప్పుడు గూడు ఒక పక్క చిరిగినా నష్టం లేదు, సాలెపురుగే బాగు చేసుకుంటుంది. పైన రెండు కొమ్మలను కలిపే మొదటి దారం తెగితే మాత్రం గూడంతా కూలుతుంది. అప్పుడైనా ఒక్క రాత్రిలో కొత్తది కట్టగలదు, సాలెపురుగు బతికి ఉంటే.

ఇంత గట్టి దారమైతే హిందూపురంలో పట్టుగూళ్లు అమ్మినట్టు దీన్నీ అమ్ముకోవచ్చు కదా అనిపిస్తుంది. కుదరదు. పట్టుపురుగుల్లా ఒకే తట్టలో పెంచితే ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయి. మడగాస్కర్‌లో పది లక్షలకు పైగా సాలెపురుగుల నుంచి దారం లాగి నేసిన ఒక్క బంగారు వస్త్రాన్ని 2009లో న్యూయార్కులో ప్రదర్శించారు. దాని వెనక ఏళ్ల తరబడి కష్టం ఉంది.

వీటి లాభం చేలోనే. పత్తిలో పచ్చదోమ, తెల్లదోమ, రెక్కలొచ్చిన పేనుబంక, మిడతలు గూళ్లకు బాగా చిక్కుతాయి. అయితే సాలెగూడు అన్ని పురుగులకూ మందు కాదు. శనగపచ్చ పురుగు తల్లి రెక్కలపురుగు ఒంటిమీది పొలుసులు జిగురుకు అంటుకుని ఊడివస్తాయి, అది జారి తప్పించుకోగలదు. కాయలో దూరిన పురుగు గూటికి అందనే అందదు. కందికి ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టడం, పూత దశలో గుడ్లు, చిన్న పురుగుల కోసం కొమ్మలు దులిపి చూడడం మానకూడదు. గూడు కట్టకుండా ఆకుల మీద తిరిగి వేటాడే సాలెపురుగులు చిన్న లద్దె పురుగులను కొంతవరకు పట్టుకుంటాయి.

మందు కొట్టాలనుకున్న రోజు ముందుగా చేలో అయిదు చోట్ల, చోటుకు నాలుగు మొక్కల చొప్పున చూడాలి. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ చెప్పే లెక్క సులువైనది: హాని చేసే పురుగులు రెండుంటే మేలు చేసేది ఒకటి ఉందా? ఉంటే మందు ఆపి, కొద్ది రోజుల తర్వాత మళ్లీ చూడవచ్చు. సాలెపురుగులను మేలు చేసేవాటి కింద లెక్కేయాలి. మంచు తడి ఆరకముందు వెళ్తే గూళ్లు స్పష్టంగా కనిపిస్తాయి.

పురుగు మించితే మొదట 5 శాతం వేప గింజల కషాయం. సైపర్‌మెత్రిన్ లాంటి మందులను తొందరపడి కొట్టవద్దు. అవి సాలెపురుగులను కూడా చంపుతాయి, ఆ తర్వాత తెల్లదోమ రెచ్చిపోయిన పత్తి చేలు రైతులకు తెలియనివి కావు. తప్పనిసరైతే రైతు సేవా కేంద్రంలో అడిగి, ఆ పురుగు మీదే పనిచేసే మందును, పురుగు ఉన్న మేరకే కొట్టాలి.

వచ్చే ఖరీఫ్‌కు ఇప్పుడే ఆలోచించుకోవాల్సింది పంటల అమరిక. కొర్రలో 5:1 చొప్పున, వేరుశనగలో 7:1 చొప్పున కంది వేసే రైతులకు గూడు కట్టే ఎత్తైన కొమ్మలు వాటంతట అవే దొరుకుతాయి. ఒక్క వేరుశనగే వేసేవారు చుట్టూ నాలుగు వరుసలు జొన్న లేదా సజ్జ వేస్తే తామర పురుగులు లోపలికి రావడమూ తగ్గుతుంది. కోతలయ్యాక గట్లకు నిప్పు పెట్టవద్దు. వందల గుడ్లున్న పట్టు సంచులు గట్టు మీది పొదల్లో ఉంటాయి, కందికట్టెకూ అంటుకుని ఉంటాయి. కట్టె మోపులను కొన్నాళ్లు గట్టు మీదే నిలబెడితే పిల్లలు బయటికొచ్చి, సన్నటి దారం వదిలి గాలిలో తేలుతూ పక్క చేలకు చేరతాయి.

పత్తి తీసే ఆడకూలీలు వీటిని చూసి భయపడతారు. ఆర్జియోపి వల్ల మనిషికి ప్రాణాపాయం లేదు. నలిపితే తప్ప కరవదు, కరిచినా తేనెటీగ కుట్టినంత నొప్పి. సాళ్లకు అడ్డంగా ఉన్న గూటిని చిన్న పుల్లతో ఒక పక్క దారం తెంపి తప్పిస్తే చాలు, సాలెపురుగు దారం పట్టుకుని కిందికి జారి పక్క మొక్క ఎక్కుతుంది.